అమ్మ నిద్రపోయే పగళ్ళు

ఈ నవంబరు తొమ్మిది, ఆదివారం, ఉదయం ఎనిమిది ఇరవైకి గ్రేటర్ నోయిడాలో మా మనవరాలు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి, స్పిరిట్ వాసనతో నన్ను దాటుకుంటూ వెళ్ళి పడుకుంది. ఆ వాసనకే నా గొంతు దానంతటది తగ్గిపోయింది. పనిమనిషితో గుసగుసగా మాట్లాడాను.

మా అమ్మ కూడా నర్సే. బాపట్ల నుంచి దేశ రాజధానికి వచ్చి ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాకు ఆరో ఏడు మొదలు ఆరేళ్ళపాటు, ఏడాదికి ఎనిమిది నెలల చొప్పున, నలభై ఎనిమిది నెలలు ఆమెకు రాత్రి డ్యూటీలే. పగలు ఆమె నిద్రపోవాలని నాన్న గడియారం గంట విప్పేశారు, కుర్చీ కాళ్ళకు పాత మేజోళ్ళు తొడిగారు. చలికాలపు ఎండలో నేనూ చెల్లి కరుణా బొంత మీద చప్పుడు కాకుండా చింతపిక్కలాడి, గెలిస్తే నోరు మూసుకుని ఎగిరేవాళ్ళం. అమ్మకు పగటి డ్యూటీ పడిన నెలల్లోనూ మాకదే అలవాటు. క్రిస్మస్ అరిసెలకు పిండి దంచడం పక్కింటి పంజాబీ ఆంటీ వాకిట్లో. బెల్లం పాకం, నువ్వుల వాసనల మధ్య అరిసెలు వేగడం మాత్రం మా వంటింట్లో, మాట లేకుండా.

అన్ని ఇళ్ళూ ఇంతేననుకున్నాను. ఒకనాడు ఆంటీ ఇంట్లో కేకలు విని నాన్న చెవిలో చెప్పాను: "నాన్నా, వాళ్ళు కొట్టుకుంటన్నారు."

"కాదులేమ్మా, అన్నం తింటన్నారు."

ఆంటీకేమో మా ఇల్లే వింత. "బేటీ, మీ ఇంట్లో ఎవరికి జబ్బు?" అని హిందీలో జాలిగా అడిగేది.

ఆరేళ్ళకు రాత్రి డ్యూటీలు పూర్తిగా ముగిశాక మొదటి మధ్యాహ్నం అమ్మ వచ్చి మా బొంత మీద కూర్చుంది. మేం గుసగుసలు మానలేదు.

"ఏందే ఇది? రాత్రుళ్ళు మిమ్మల్ని వదిలిపోయానని ఇంకా కోపమా?"

"నీ నిద్ర చెడకూడదని నాన్న చెప్పారమ్మా."

అమ్మ చింతపిక్కలు ఒక పక్కకు నెట్టింది. "నాకు నిద్రెక్కడిదే! వార్డులో చప్పుడు ఆగిందంటే ఎవరో పోయినట్టు. ఆ భయంతోనే పగలంతా మీ అలికిడి కోసం చెవులొగ్గి పడుకునేదాన్ని."

గుమ్మంలో నాన్న నిలబడిపోయారు. "ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"పిల్లలు నాతో మాట్లాడటం మానేశారనుకున్నా. ఎట్టా అడిగేది?"

తర్వాత మమ్మల్ని బతిమాలింది. "ఇప్పుడు అరవండే. నవ్వండే." ప్రయత్నించాం. నోళ్ళు తెరిచాం గానీ గొంతులు లేవలేదు. కరుణ గొంతు తన పెళ్ళిలో కూడా లేవలేదు. చర్చిలో ఆమె చేసిన ప్రమాణం ఎదురుగా ఉన్న పాస్టరుగారొక్కరికే వినబడింది.

ఆ క్వార్టరు కూలగొట్టారు. నాన్న, అమ్మ, కరుణ వరసగా కన్నుమూశారు. ఆ నిశ్శబ్దంలో మాకు పోయినవి ఇవి: అమ్మకు ఆరేళ్ళ నిద్ర, నాన్నకు ఆ తర్వాతి మనశ్శాంతి, ఇద్దరు ఆడపిల్లల నవ్వు.