మెట్ల పూజకు కొన్న కెమెరా

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు నా పక్కన మంచం మీద కూలబడి, ఫోనులో రెండు కెమెరాల బొమ్మలు చూపించి, ఏది తీసుకోమంటావు నాన్నమ్మా అని అడిగింది. స్నేహితురాళ్ళతో కలిసి మారేడుమిల్లి వైపు కొండలూ వాగులూ తిరగడానికి వెళుతుందట. ఖరీదైన ఫోను పట్టుకుని రాళ్ళ మీద ఎక్కడానికి భయం, అందుకని చిన్నదీ, గట్టిదీ, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి పనికొచ్చేదీ ఒక కెమెరా కావాలట. ఒకదాని కింద నాలుగు నక్షత్రాలున్నాయి, ఇంకోదాని కింద ఇంకాస్త ఎక్కువ. ఆ నక్షత్రాలు ఎవరు పెట్టారే అంటే, కొన్నవాళ్ళు అంది. వాళ్ళు ఏ ఊరివాళ్ళో, నిజంగా కొన్నారో లేదో నీకెలా తెలుసు అంటే నవ్వేసి, నీకు అందరి మీదా అనుమానమే అంది.

అనుమానమే మరి. చదువు రాని ఆడదానికి అనుమానమే కళ్ళజోడు. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, ఈ మనవరాలు పలక పట్టినప్పుడు దాని పక్కన కూర్చుని దానితోపాటే దిద్దాను. అంతకు ముందు ఇంటికి ఏ కాగితం వచ్చినా నాదొక పద్ధతి ఉండేది. ఒకరి చేత చదివించుకుని, ఆ మాటే ఎత్తకుండా, మొదటివారితో పరిచయం లేని ఇంకొకరి చేత మళ్ళీ చదివించుకునేదాన్ని. ఇద్దరూ ఒకటే చెబితే నమ్మడం, తేడా వస్తే కాగితం మడిచి పోపులడబ్బా వెనక పెట్టేయడం. నా ఈడువాళ్ళలో ఈ పని చేయనివాళ్ళు తక్కువేననుకుంటాను. ఆ పద్ధతితోనే నేనూ ఒక కెమెరా కొన్నాను, కోరుకొండ ఎక్కడానికి.

అప్పటికి ముందు సంవత్సరం నాకు కడుపులో పెద్ద ఆపరేషన్ అయింది. నేను లేచి తిరగనని ఇంట్లో అందరూ అనుకున్న రోజుల్లో, కోనసీమలో ఉండే మా అక్క, నేను బతికి బయటపడితే కోరుకొండ నరసింహస్వామికి మెట్ల పూజ చేస్తానని మొక్కుకుంది. కింది మెట్టు నుంచి పైన గుడి దాకా ప్రతి మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెడుతూ ఎక్కడం. నేను బతికాను గాని, ఈలోగా అక్క మోకాళ్ళు పూర్తిగా పోయాయి. వీధి అరుగు దిగడానికే గోడ పట్టుకునే మనిషి ఆ నిట్టనిలువు కొండ ఎలా ఎక్కుతుంది. మొక్కు తీరకపోతే ఎవరి పేరున మొక్కుకుందో ఆ మనిషికే చేటని అక్క నమ్మకం. నాకు కాస్త జలుబు చేసినా అక్కడ అన్నం మానేసేది. రక్తసంబంధం ఉన్నవాళ్ళు ఆమె పేరు చెప్పి చేయవచ్చని మా పురోహితుడుగారు అన్నారు. నేనే చేస్తానన్నాను. అక్కడ మొదలైంది గొడవ.

"ఎక్కుతావు, సరే. ప్రతి మెట్టుకీ రాస్తావని నమ్మకమేంటే?" అంది అక్క. "చిన్నప్పుడు గడపలకి పసుపు రాయమంటే వీధి గడపకి రాసి పెరటి గడప ఎగ్గొట్టేదానివి కాదూ?"

"మీ మరిదిగారు నా పక్కనే ఉంటారు కదక్కా, ఆయన్నడుగు."

"ఆయనా? గోదారి కిందనుంచి పైకి పారుతోందని నువ్వంటే ఆయ్ అనే మనిషి."

మా ఆయన అక్కడే కూర్చుని కాఫీ తాగుతున్నారు. అదీ విని ఆయ్ అన్నారు.

చివరికి అక్కే తీర్పు చెప్పింది. నా చెయ్యి, మెట్టు, మెట్టు మీద పసుపు, మూడూ ఒక్క ఫోటోలో కనపడాలి. వరసగా, కింది నుంచి పై దాకా. అలాగైతేనే తను నమ్ముతుంది. అప్పట్లో మా ఇంట్లో ఉన్న ఫోను మాట్లాడుకోవడానికే. మా ఆయన ఒక చేత పసుపు గిన్నె, ఒక చేత నీళ్ళ బిందె మోయాలి. అంటే కుడి చేత్తో పసుపు రాస్తూ ఎడమ చేత్తో నేనే ఫోటో తీసుకోవాలి. జన్మలో కెమెరా పట్టుకోని దాన్ని. గుప్పెట్లో పట్టేదీ, తడి చేతికి ఓర్చేదీ, రాయి మీద పడినా బతికేదీ ఒకటి కావాల్సి వచ్చింది.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక షాపుకి వెళ్ళాం. అట్టపెట్టె మీద ఉన్నదంతా ఇంగ్లీషు. నేను అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాల్లో ఒక్కటీ లేదు. ఏం రాసుందో చదవమన్నాను. షాపాయన గడగడా చెప్పుకొచ్చాడు, నీళ్ళలో పడినా ఏం కాదండి, మనిషెత్తు నుంచి పడినా ఏం కాదండి, దుమ్ము దూరదండి అని.

"అయితే ముంచండి" అన్నాను.

"ఇప్పుడాండి?"

"కొన్నాక మా ఇంట్లో ముంచుకుని ఏడవమంటారా?"

మా ఆయన రోడ్డు మీద ఏదో వింత జరుగుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డారు. షాపాయన మంచినీళ్ళ మగ్గులో కెమెరా ముంచి తీసి, తుడిచి, నన్నే ఒక ఫోటో తీసి చూపించాడు. మూతి బిగించుకుని ఉన్నాను అందులో. ఇప్పుడు కింద పడేయండి అంటే మాత్రం, "ఆ పని కొన్నాక మీ చేత్తో చేసుకోండి అమ్మగారూ" అన్నాడు.

అక్కడ కొనలేదు. వీధి చివర ఇంకో షాపులో అదే పెట్టె కనిపిస్తే, మొదటి షాపు మాట ఎత్తకుండా చదివించుకున్నాను. నీళ్ళ సంగతి ఆయనా అదే చెప్పాడు. పడే సంగతికి వచ్చేసరికి, నడుమెత్తు దాకా అయితే ఫరవాలేదు, అంతకు మించితే చెప్పలేనండి అన్నాడు. గొప్పలు తక్కువ చెప్పినవాడి దగ్గరే కొన్నాను. కొనేముందు ఎడమ చెయ్యి తడిపించుకుని పట్టుకుని చూశాను, జారకుండా ఉందా, చూడకుండా బొటనవేలికి మీట తగులుతోందా, తాడు మణికట్టుకి సరిపోతుందా అని. చూడని సంగతి ఒకటి ఉండిపోయింది. ఎండలో దాని తెర కనపడుతుందా అని బయటికి తెచ్చి చూడలేదు.

తెల్లవారుతూనే మొదటి మెట్టు దగ్గర కూర్చున్నాను. రాయడం, బొట్టు పెట్టడం, మీట నొక్కడం, పైకి జరగడం. ఎండ ఎక్కాక తెర నల్లబడిపోయి నా మొహమే కనపడుతోంది అందులో. టిక్కుమంటోంది కదా అని నొక్కుకుంటూ పోయాను. సగం పైకి వెళ్ళాక తాడు ముడి వదులై కెమెరా ఎడమ చేతిలోంచి జారి, మెట్ల మీద ఎగురుకుంటూ కిందకి పోయింది. మా ఆయన దిగి తెచ్చారు. బిందెలో నీళ్ళతో కడిగి మీట నొక్కితే మళ్ళీ టిక్కుమంది. స్వామి కాపాడాడనిపించింది. మనం కొత్త బండి కొన్నా, మోటారు బాగుచేయించినా బొట్టు పెట్టకుండా ఉంటామా. తడి కుంకుమ వేలికే ఉంది, దండం పెట్టుకుని కెమెరాకి ముందు వైపు గుండ్రంగా, నుదురులా కనిపించిన చోట నిండుగా బొట్టు పెట్టాను. ఆ తర్వాత మిగతా కొండంతా ఎక్కాను. ఒక్క మెట్టు వదల్లేదు. పైన గుడి ముందు మా ఆయన నా ఫోటో తీశారు.

స్టూడియోలో ఫోటోలు వేయించి, కవరు విప్పకుండానే అక్క దగ్గరికి తీసుకెళ్ళాను. విప్పితే నేనేదో మార్చానంటుందని భయం. అక్క అరుగు మీద చాప పరిపించుకుని ఫోటోలు వరసగా పేర్చింది. గాజులు నీవే, చెయ్యి నీదే అనుకుంటూ సగం దాకా బాగానే వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత ప్రతి ఫోటో మధ్యలో ఎర్రటి మసక. మెట్టు మీద ఎరుపు, ఆకాశం మీద ఎరుపు, గుడి ముందు నా మొహం ఉండాల్సిన చోటా ఎరుపే.

"ఇదేంటే?"

"కుంకం కాబోలు."

"కుంకం ఆకాశానికి కూడా పెట్టావా?"

నాకూ తెలియలేదు. ముందు స్టూడియోవాడిని అనుమానించాను, తర్వాత షాపువాడిని. అక్క నన్ను అనుమానించింది. సగం కొండ ఎక్కి ఆయాసం వచ్చి దిగిపోయావు, మిగతా సగానికి ఎవరివో ఫోటోలు కలుపుకొచ్చావు అంది. ఒట్టు పెడతానన్నాను. వద్దంది. అన్నం వడ్డిస్తే కంచం పక్కకి జరిపి, రేపు కారు మాట్లాడమని, తనే పాకుతూ అయినా ఎక్కుతానని కూర్చుంది. ఆ మోకాళ్ళతో ఆ కొండ ఎక్కితే ఏమవుతుందో ఆమెకీ తెలుసు.

ఉన్నట్టుండి, ఆ కెమెరా ఇలా ఇమ్మంది. తిప్పి తిప్పి చూసి, దీనికి కన్నెక్కడే అని అడిగింది. ఇదీ అని చూపించబోయి నేనే ఆగిపోయాను. అక్క గోటితో గీకింది. ఎర్రటి పొడి ఆమె ఒడిలో రాలింది.

"కంట్లో పెట్టావా బొట్టు?"

అప్పుడు చెప్పాను, కెమెరా జారి పడిన సంగతి. ఆమె కంగారు పడుతుందని అంతవరకూ దాచాను. అక్క నా మొహం చూసింది, ఫోటోలు చూసింది, నవ్వు మొదలైంది. నవ్వీ నవ్వీ పమిటతో కళ్ళు తుడుచుకుని, "మోసం చేసేది ఇంత తెలివితక్కువగా చెయ్యదే. నువ్వు ఎక్కావు" అంది. కంచం ముందుకి లాక్కుంది. నాకు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆమె కడుపునిండా తినడం చూసింది ఆ పూటే.

అక్క పోయి కొన్నేళ్ళయింది. మనవరాలికి నేను చెప్పింది ఒక్కటే, ఏ కెమెరా అయినా ముందు ఎండలోకి తీసుకెళ్ళి తెర చూసుకోమని. అది కొండలు తిరిగి వచ్చి ఫోటోలు ఫోనులో పెడుతుంది. ఎన్నడూ చూడనివాళ్ళు బాగుందంటారు. నిజంగా పైదాకా వెళ్ళావా అని ఎవరూ అడగరు, వెళ్ళకపోయినా వాళ్ళకి పోయేదేమీ లేదు. నా సంగతీ ఇప్పుడు అంతే. మందులు వేసుకున్నానంటే ఇంట్లోవాళ్ళు సరే అంటారు, బాగానే ఉన్నానంటే సరే అంటారు. అబద్ధమేమోనని కంచం పక్కకి జరిపి కూర్చునే మనిషి ఇప్పుడెవరూ లేరు.