పీరా చాచా ఒప్పుకోని ఫోన్

పాలకుర్తి బస్టాండు పక్కన గడియారాలు బాగుచేసే పీరా చాచాకు లోకంలో ఒక్కటే విరోధి. అది ఆయన సొంత ఫోన్. అది ఏదైనా అడిగిందంటే చాలు, చేతిలో పని పక్కన పెట్టి, గడియారాల్లోకి చూసే భూతద్దం కంటికి బిగించుకుని, తెర మీది అక్షరాలన్నీ బజారుకు వినబడేలా చదివి, చివర "నీకెందుకు?" అనేవాడు. ఆ తర్వాత 'అనుమతించవద్దు' అన్నచోట దోమను నలిపినట్టు నొక్కేవాడు.

పక్కనే జిరాక్సు షాపులో పనిచేసే రాజీకి ఈ తతంగం రోజూ చూడక తప్పేది కాదు. దేవరుప్పుల నుంచి ఆటోలో వచ్చి తొమ్మిదింటికి దిగేసరికే అక్కడ ఒక పంచాయితీ నడుస్తూ ఉండేది. టార్చిలైటు యాప్ ఒకసారి ఆయన దగ్గరున్న నంబర్లన్నీ చూస్తానంది. చాచా వకీలులాగా లేచి నిలబడ్డాడు.

"దీపం ఎలిగిచ్చుడు నీ పని. మా చుట్టాల నంబర్లు నీకెందుకు?"

లెక్కలు చేసే యాప్ కెమెరా అడిగితే, కూడికలకు నా మొఖమెందుకని అప్పటికప్పుడే దాన్ని ఫోన్లోంచి తీసిపారేశాడు. వాన సంగతి చెప్పే యాప్ మీరెక్కడున్నారని అడిగినప్పుడు మాత్రం రాజీ కలగజేసుకుంది. ఊరు తెలియకుండా వాన సంగతి అదెట్లా చెబుతుంది చాచా అంది. చాచా గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. తెర మీది జాబితాలో 'సుమారుగా' అని ఒకటి దొరికేసరికి మొహం వెలిగింది. మండలం చెబుతాను గాని గల్లీ చెప్పనని దానితో ఒప్పందానికి వచ్చాడు.

అన్నిటికన్నా పెద్ద గొడవ మెయిల్‌ది. చాచా తన ఫొటో ప్రింటు తీసుకుందామని రాజీ షాపు కంప్యూటర్లో తన మెయిల్ తెరవబోయాడు. వెంటనే ఆయన ఫోను మోగి, తెరుస్తున్నది మీరేనా అని అడిగింది. "నేనెవరైతే నీకెందుకు?" అని ఆయన 'కాదు' నొక్కాడు. మూడు రోజులు సొంత మెయిల్ ఆయన్ను గడప తొక్కనివ్వలేదు. ఇంకొకరైతే తల బాదుకునేవారు. చాచా చుట్టుపక్కల నాలుగు షాపులకూ చాయ్ తాగించాడు. నన్నే రానియ్యలేదంటే ఇంక దొంగేం వస్తాడని ఆయన సంబరం.

ఫోను అద్దాలు మార్చే పని కూడా ఆయన చేసేవాడు. అందులోనూ అదే చాదస్తం. ఎవరైనా తాళం తీసి ఉన్న ఫోను చేతికిస్తే ముట్టుకునేవాడు కాదు, తాళం ఏసి ఇయ్యమని వాపసిచ్చేవాడు. పని మధ్యలో ఏదన్నా మెసేజీ వచ్చి తెర వెలిగితే చటుక్కున మొహం తిప్పుకునేవాడు. దీనికంతటికీ బజారు పెట్టిన పేరు తిక్క. రాజీ కూడా అదే అనుకుని నవ్వుకునేది.

రాజీ ఫోను కథ వేరు. అది అన్న ప్రతాప్ కొనిచ్చింది. నాయిన భూపాలపల్లి రోడ్డు మీద లారీ కింద పడి పోయాక చెల్లెను పెంచింది ఆయనే. ఫోను కొన్న రోజునే తన మెయిల్ ఐడీనే అందులోనూ వేశాడు. ఎక్కడన్నా పోతే దొరుకుతుందని చెప్పాడు. ఫోను పోలేదు గాని, రాజీ ఎక్కడుంటే అక్కడ ఆయన తెర మీద ఒక చుక్క కనబడేది. మిల్లులో పనిచేస్తూ గంటకోసారి దాన్ని చూసుకునేవాడు. చుక్క సాయంత్రం ఇల్లు చేరితే గాని ఆయన నెత్తిమీద టోపీ తీసి అన్నం ముందు కూర్చునేవాడు కాదు. చెడ్డవాడు కాదు, భయస్థుడు.

జనగామలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసిన రాజీకి భూపాలపల్లిలో ఒక దవాఖాన నుంచి పిలుపు వచ్చింది. శుక్రవారం ఒంటిగంటకు ఇంటర్వ్యూ. అన్నకు చెబితే ఆ రోడ్డు పేరెత్తవద్దన్నాడు. రెండోసారి అడిగితే అన్నం ముందునుంచి లేచిపోయాడు. రెండేళ్లు చదివిన చదువు జిరాక్సు కాగితాల కింద పడి ఉంది. ఈ అవకాశం పోతే ఇంకొకటి వస్తుందన్న ఆశ రాజీకి లేదు. పోవాలనే అనుకుంది. ఈ చుక్కనెట్లా ఆపాలని చాచాను అడిగింది.

చాచా భూతద్దం బిగించుకుని, ఫోను రాజీ చేతిలోనే ఉంచి, సెట్టింగుల పేజీ ఒక్కటే చూశాడు.

"బిడ్డా, గీ ఫోన్ల నువ్వు కిరాయికున్నవ్. ఇల్లు మీ అన్నది."

"తీసేద్దామా చాచా?"

"తీసేస్తే చుక్క మాయమైతది. మాయమైతే అర్ధగంటల మీ అన్న ఈడుంటడు." కొంచెం ఆగి చెయ్యి చాపాడు. "తాళం ఏసి ఫోన్ నాకిచ్చి, నువ్వు పోయిరా. నీ బదులు నేను తిరుగుత."

రాజీ నోరు తెరుచుకుని చూసింది. వానకు కూడా తన గల్లీ చెప్పని మనిషి, ఒక చుక్కను జేబులో వేసుకుని రోజంతా ఊళ్లో తిరుగుతానంటున్నాడు.

ఆ శుక్రవారం ఏం జరిగిందో గాజుల షాపు హసన్ బీ తర్వాత రాజీకి పూసగుచ్చినట్టు చెప్పింది. రాజీ రోజూ ఎక్కడెక్కడికి పోతుందో చాచా ముందే కాగితం మీద రాసుకున్నాడట. పదింటిదాకా జిరాక్సు షాపు మెట్ల మీద కూర్చున్నాడు. పదకొండింటికి గాజుల షాపుకొచ్చి, ఆడవాళ్ల మధ్య పావుగంట కూర్చుని, ఎర్రగాజులు బాగున్నాయా పచ్చవి బాగున్నాయా అన్న వాళ్ల వాదన తల వంచుకుని విన్నాడు. అంతా కాగితం ప్రకారమే నడిచేది. కాని శుక్రవారం నమాజుకు ముందు గడ్డం సరిచేయించుకోవడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. కాళ్లు వాటంతటవే సెలూన్‌కు నడిచాయి. జేబులో చుక్క ఉందన్న సంగతే మరిచి, అక్కడి రద్దీలో తన వంతు కోసం కూర్చున్నాడు.

దేవరుప్పుల మిల్లులో ప్రతాప్ తెర చూసుకుంటే చెల్లె మగవాళ్ల సెలూన్‌లో అరగంట నుంచి కదలడం లేదు. బండి మీద ఎగిరొచ్చాడు. సెలూన్ గుమ్మంలో నిలబడి రాజీకి ఫోన్ కొడితే, అది కుర్చీలో సగం గడ్డం నురుగుతో కూర్చున్న చాచా మెడకింది గుడ్డలో మోగింది.

"మా చెల్లె ఏది?" అని అడిగాడు ప్రతాప్.

"నీకెందుకు?" అన్నాడు చాచా. ఫోనుతో తప్ప మనిషితో ఆ మాట అనడం అదే మొదలు. అని, ఆ పిలగాడి మొహం చూసి గొంతు తగ్గించాడు. "మంచిగనే ఉన్నది. ఆరింటికొస్తది. ఏడికి పోయిందో ఆమెనే చెప్తది. నేను చెప్ప."

ఆరింటికి బస్సు దిగిన రాజీకి మొదట కనబడింది చాచా ముక్కాలిపీట మీద కూర్చున్న అన్న. నేరుగా దగ్గరికి నడిచింది.

"అన్నా, నౌకరి ఇచ్చిన్రు. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నరు."

ప్రతాప్ అరవలేదు. ఫోను కూడా లేకుండా ఆ రోడ్డున పోతే, ఏదన్నా అయితే నాకెవరు చెబుతారని అడిగాడు. ఆ గొంతు వింటుంటే రాజీకి తిట్టినా బాగుండుననిపించింది.

చాచా భూతద్దం తుడుచుకుంటూ అన్నాడు. "ప్రతాప్, మీ ఇద్దరి ఫోన్లల్ల ఐడీ ఒక్కటే. ఆమె తిరిగేది నీకు కనబడ్డట్టు, నువ్వు ఫోన్ల ఎతికేది ఆమెకు కనబడుతది. నేను చూడలే. నా అలవాటు నీకెరుకే."

ప్రతాప్ నెమ్మదిగా చెల్లెవైపు తిరిగాడు. చెయ్యి దానంతటది టోపీ మీదికి పోయింది.

"ఎంట్రుకలు మొలిచే నూనె సంగతి నేనెవ్వరికీ చెప్పలే అన్నా," అంది రాజీ నేల చూస్తూ. "నువ్వు వద్దన్న మర్నాడు భూపాలపల్లిల ఆడపిల్లల హాస్టల్ ఏడున్నదని ఎతికినవ్ గదా. నువ్వు ఎతికింది చూసినంకనే నాకు పోదామన్న ధైర్యమొచ్చింది."

ప్రతాప్ గోడ మీది గడియారాల వైపు చూశాడు. ఏ రెండూ ఒకే టైము చూపడం లేదు. చివరికి నవ్వాపుకోలేక టోపీ తీసి, నున్నటి నెత్తి తుడుచుకుని, చెల్లె ఫోన్లోంచి తన ఐడీ తన చేత్తోనే తీసేశాడు. కొత్తది వేసేటప్పుడు పాస్‌వర్డ్ పెట్టుకునే చోటు రాగానే చాచా మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తిక్క అనుకున్న ఆ తిప్పుడు ఎంత మర్యాదో రాజీకి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లు నవ్వినందుకు సిగ్గేసింది.

ఒకటో తారీఖున బస్సెక్కగానే రాజీ తనంతట తానే, చేరేదాకా తన చుక్క కనబడేటట్టు ఇద్దరికి పంపింది. ఒకరు అన్న. రెండోవారి ఫోను ఎప్పటిలాగే ఏదో అడిగింది. చాచా భూతద్దం బిగించి, అక్షరాలన్నీ బజారుకు వినబడేలా చదివి, జీవితంలో మొదటిసారి బేరమాడకుండా 'సరే' నొక్కాడు.

ఆ రోజు ఒక్క గడియారమూ బాగుకాలేదు. పొద్దుటినుంచి ఆ తెరలో ఏం చూస్తున్నావు, పిల్ల ఎందాక పోయిందని హసన్ బీ గాజుల షాపులోంచి అడిగింది.

"నీకెందుకు?" అన్నాడు చాచా.

హసన్ బీ మూతి ముడుచుకుని లోపలికి పోయింది. కాసేపటికి ఆమె గుమ్మం ముందు ఒక దగ్గు వినిపించింది.

"పరకాల దాటింది," అన్నాడు చాచా మెల్లగా.