రెండు చెట్లకూ పసుపు గీతే

మా నడిపి పెద్దమ్మకు ఒక దుకాణం ఉంది. దుకాణమంటే మేడమెట్ల కింద గది: ఒక కుట్టు మిషను, ఒక బల్బు, గోడకు వరసగా వేలాడే ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు. కొత్త బట్టలు కుట్టదు. బిగుతైనవి వదులు చేస్తుంది, పొడుగైనవి మడిచి కుడుతుంది. మాటలకు కూడా ఆవిడ అదే పని చేసేది. తంటా అంతా అక్కడే వచ్చింది.

అక్కచెల్లెళ్ళు ముగ్గురు. పెద్దామె హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. చిన్నామె మా అమ్మ, బస్‌స్టాండులో టికెట్ల కౌంటరు. పెద్దమ్మ రిటైర్మెంటు రోజున గ్రూపు ఫోటోలోకి తనను పిలవలేదని మా అమ్మ అలిగింది. పిలిస్తేగానీ రావడానికి నువ్వేమైనా చుట్టానివా అని పెద్దమ్మ మండిపడింది. అంతే, ఇద్దరిదీ ఎడమొహం పెడమొహం. ఇంత చిన్నదానికా అని నవ్వకండి. మా ఇంట్లో పెద్ద విషయాలకు అలగడానికి ఎవరికీ తీరిక ఉండదు.

ఒకే గదిలో కూర్చున్నా మాటలు నడిపి పెద్దమ్మ మీదుగానే వెళ్ళాలి.

"దానికి చెప్పు, ఆ కిటికీ వెయ్యమని."

"నడిపక్కా, ఆవిడకి చేతుల్లేవా అని అడుగు."

"ఒక్క నిమిషంలో వేస్తుందట అక్కా," అనేసి నడిపి పెద్దమ్మే లేచి కిటికీ వేసేది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఏళ్ళ తరబడి ఇదే బతుకు.

మొన్న చలికాలంలో గుండెల్లో కాస్త నలతగా అనిపించి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఏమీ లేదన్నాడు. కానీ ఆవిడకు దిగులు పట్టుకుంది. "నాకేమైనా అయితే వీళ్ళిద్దరికీ ఒకరి చావుబతుకులు ఒకరికి తెలియవే అమ్మడూ," అంది నాతో. తను ఉండగానే వాళ్ళ చేత మాట్లాడించాలి. ఇంట్లో అయితే ఎవరి గదిలోకి వాళ్ళు పోతారు. అందుకే అడవి. పెద్దమ్మ రోజూ నడుస్తుంది కాబట్టి, "చిన్నది నీతో నడవాలని ఉందంటోంది" అని ఆవిడకు చెప్పింది. మా అమ్మకు, "అక్కే నిన్ను తీసుకురమ్మంది" అని చెప్పింది. రెండూ అబద్ధాలే.

దారి మొదట్లో బోర్డు ఉంది. ఈ దారి మధ్యరకంగా నడవగలవారికి, పసుపు గీతలున్న చెట్ల వెంట వెళ్ళండి. పెద్దమ్మకు అది మంచినీళ్ళ ప్రాయం. మా అమ్మ మోకాళ్ళకు గండం. ఆవిడ ముందు, ఈవిడ వెనక, మధ్యలో నడిపి పెద్దమ్మ కాళ్ళకు బలపం కట్టుకున్నట్టు పైకీ కిందకీ. "మెల్లగా నడవమని చెప్పు." "తొందరగా రమ్మను." బురదలో, వేళ్ళ మీద, వాగు రాళ్ళ మీద ఆ రాయబారాలే. వాళ్ళిద్దరూ ఒకసారి నడిచిన దారిని ఆవిడ మూడుసార్లు నడిచింది.

ఒకచోట దారి రెండుగా చీలింది. రెండువైపులా చెట్లకు పసుపు గీతే. పెద్దమ్మ, "కుడివైపని చెప్పు. వినకపోతే దాని ఖర్మ, ఎటైనా పొమ్మను," అంది. నడిపి పెద్దమ్మ కిందికి దిగి, అలవాటు కొద్దీ, "ఎటైనా నీ ఇష్టమేనందే అక్క," అంది.

"నా ఇష్టమా? అక్కే అందా?" మా అమ్మ మొహం వెలిగిపోయిందట. "అయితే ఎడమ. అటు ఎత్తు తక్కువ."

ఆ మాట చెబుదామని పైకి పరిగెత్తేసరికి పెద్దమ్మ కుడివైపు వెళ్ళిపోయింది. వెనక్కి వచ్చేసరికి మా అమ్మ కూడా లేదు. ఫోను పలకదు. కుడికి నాలుగడుగులు వేసింది, మోకాళ్ళ నొప్పుల మనిషి గుర్తొచ్చి ఆగింది. ఎడమకు నాలుగడుగులు వేసింది, అక్క ఒంటరిగా ఉందని తిరిగొచ్చింది. చివరికి రెండిటి మధ్యా అడ్డంగా పడి నడిచింది, అక్కడ ఏ గీతా లేదు. ఎటు చూసినా ఒకేలా ఉన్న చెట్లు. పడిపోయిన మాను మీద కూర్చుని ఏడ్చింది.

నిజానికి ఆ రెండు దారులూ కొంచెం పైన చెక్క వంతెన దగ్గర మళ్ళీ కలుస్తాయి. అక్కడ అక్కాచెల్లెళ్ళు ఎదురెదురు పడ్డారు.

"అదేదీ?" అంది పెద్దమ్మ.

"నీతో లేదా?" అంది మా అమ్మ.

మాట మోసే మనిషి కోసం ఇద్దరూ నేరుగా మాట్లాడుకోవలసి వచ్చింది.

నడిపి పెద్దమ్మకు ఇద్దరి కేకలూ ఒకేవైపు నుంచి వినపడ్డాయి. అలా ఎలా అవుతుంది, తనకు మతి చలించిందేమో అనుకుంది. ఒకరి భుజం ఒకరు పట్టుకుని వస్తుంటే నోరు తెరిచి చూసింది.

"నీ ఇష్టమని నేనెప్పుడన్నానే?" పెద్దమ్మ దగ్గరికి రాకముందే అందుకుంది. తోవలో అన్నీ పోల్చి చూసుకున్నారట. అక్క పంపిందన్న శాలువా అక్క పంపలేదు. చెల్లెలు మెచ్చుకుందన్న కూర చెల్లెలు ముట్టనే లేదు. ఇద్దరూ కలిసి తిడుతుంటే నడిపి పెద్దమ్మకు సంతోషమో భయమో తెలియలేదు. ఇన్నేళ్ళ తర్వాత వాళ్ళు ఒక్కమాట మీద ఉన్నారు.

అంతలో మా అమ్మ గొంతు మారింది. "నా ఆపరేషన్ అప్పుడు రోజూ ఫోన్ చేసి నా గురించి అడిగావట కదక్కా. అదీ నడిపక్క కల్పించిందేనా?"

ఆసుపత్రిలో మా అమ్మ గోడవైపు తిరిగి పడుకుని తిండి ముట్టకపోతే, నడిపి పెద్దమ్మ వరండాలో నిలబడి అల్లిన మాట అది. ఆ మాట విన్నాకే మా అమ్మ లేచి తిన్నది.

పెద్దమ్మ ఒకసారి నడిపి పెద్దమ్మ వైపు చూసింది.

"అడిగాను," అంది. "రోజూ అడిగాను."

మా అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. పెద్దమ్మ పక్కన కూర్చుని ఆవిడ మోకాలు నిమిరింది.

మర్నాడు ఒక ప్యాంటు కుట్లు విప్పుతూ నడిపి పెద్దమ్మ ఇదంతా నాకు చెప్పింది. "ఒక్క రోజు కూడా నాకు ఫోన్ చెయ్యలేదే అమ్మడూ. నాకు బాగా గుర్తు. కానీ నర్సు కదా, అక్కడి వాళ్ళెవరినైనా అడిగి తెలుసుకుందేమో. లేకపోతే నాలాగే అప్పటికప్పుడు అనేసిందా? రాత్రంతా ఆలోచించాను, తల తిరిగిపోతోంది."

"పెద్దమ్మనే అడిగెయ్యొచ్చుగా?"

ఆవిడ కత్తెర పక్కన పెట్టింది.

"అడిగితే నిజం చెప్పేస్తుందేమోనే," అంది. "భయంగా ఉంది."