పక్కింటి ఎఫువాకు దిష్టి

పక్కింటి అబెనా ఆంటీ ఘానా నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో మా ఊరు స్టీవెనేజ్‌లో స్థిరపడ్డారు. ఆమె కూతురు ఎఫువా ఉపగ్రహాలు తయారుచేసే ఇంజినీరు. నల్లజాతి యువత విజయాల్ని గౌరవించే సభలో ఈ మధ్యాహ్నం ఆ అమ్మాయికి అవార్డిచ్చారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మేమంతా కలిసి తిరిగొచ్చేసరికి, కరీంనగర్ నుంచి వచ్చిన మా అత్తమ్మ గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలతో గుమ్మంలో సిద్ధంగా ఉంది!

"అంతమంది చూసిండ్రు, పిల్లకు దిష్టి తగుల్తది. ఇటు నిలబడు బిడ్డా."

వాళ్లేమనుకుంటారో అని భయపడుతూనే, దిష్టి అంటే ఏమిటో ఆంటీకి ఇంగ్లీషులో ఏదో చెప్పాను. ఆవిడ పకపకా నవ్వి, "మా అమ్మకీ ఇదే భయం ఉండేది. ఆపకు, కానివ్వు" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది.

ఎఫువా బుద్ధిగా నిలబడి దిష్టి తీయించుకుంది. అది చూసి మా ఎనిమిదేళ్ల సహస్ర, "వాట్ అబౌట్ మీ, నానమ్మా?" అంది.

"నీకెందుకే? ముందు అక్క తీరుగ ఏదన్న సాధించు. అప్పుడు తీస్త."

అప్పట్నుంచి మా పిల్ల లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది, పిలిచినా పలకడం లేదు. ఇన్నాళ్లూ నేను సైకిలు ఆశ చూపించాను, ఐస్‌క్రీం ఆశ చూపించాను. పిడికెడు ఉప్పుతో పనైపోతుందని మీలో ఎవరికైనా ముందే తెలిస్తే నాకెందుకు చెప్పలేదు?