నాలుగో పైపులో కలుపు

నేను ఏసీ మెకానిక్‌ని. దెయ్యాల మీద నమ్మకం లేకపోవడం మా వృత్తికి కనీస అర్హత. కువైట్‌లో నాకొచ్చే ఫిర్యాదుల్లో సగం "గోడలో ఎవరో మూలుగుతున్నారు" అనేవే. వెళ్లి చూస్తే బేరింగ్ అరిగిపోయి ఉంటుంది. "పైన ఎవరో నడుస్తున్నారు" అంటే అది వేడికి సాగే డక్ట్ రేకు. ఇన్నేళ్లలో నేను నట్టు బిగించి నోరు మూయించలేని దెయ్యం ఒక్కటీ తగల్లేదు.

పోయిన వేసవిలో ఒకటి తగిలింది. దానంటే నాకు భయం లేదు, కోపం ఉంది. ఆ కోపంతోనే రాస్తున్నాను.

ఫింటాస్‌లో ఒక పాత ఫ్లాట్‌లో ఐదుగురం ఉంటాం. ఒకప్పుడు పెద్ద కుటుంబం ఉన్న ఇల్లు, ఇప్పుడు మా మంచాలతో నిండిపోయింది. వంటింటి పక్కన ఒక చిన్న గది ఉంది. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. కిటికీ లేదు. పనిమనిషి పడుకోవడానికి కట్టిన గది. మేం అందులో సూట్‌కేసులు పెట్టుకునేవాళ్లం. మనిషి కోసం కట్టిన గది సూట్‌కేసులకే ఇరుకైందని నవ్వుకునేవాళ్లం కూడా.

ఆ గదిలో నేను గోంగూర పెంచాను. మాది రాయచోటి దగ్గర పల్లె. గోంగూర లేకపోతే బతకలేమని అనను గానీ, ఇక్కడ అంగట్లో దొరికే గోంగూర విమానం దిగేసరికి నాకంటే ఎక్కువ అలిసిపోయి ఉంటుంది. బయట కుండీలో పెడదామంటే ఎండకి కుండీయే మాడిపోయేలా ఉంటుంది. అందుకని సైట్లో మిగిలిన ప్లాస్టిక్ పైపులు నాలుగు తెచ్చి, ఒక్కోదానికి ఆరు రంధ్రాలు పెట్టి, కూలర్ మోటారుతో నీళ్లు తిప్పాను. మన్ను లేదు. ఏసీ నుంచి కారే నీళ్లు, అందులో మొక్కల మందు, పైన ఊదా రంగు లైటు. మూడు వారాలకి అడవిలా లేచింది.

గదికి తాళం వేశాను, ఎందుకంటే మా వాళ్లు మొక్కని ఎదగనివ్వరు. తాళంచెవి ఒక్కటే. అది నా మెళ్లో కంపెనీ కార్డుతో పాటు వేలాడుతూ ఉండేది. స్నానానికి కూడా తియ్యలేదు.

ఇక్కడ మా ఫ్లాట్‌లో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు మస్తాన్ భాయ్. యాభై దాటిన మనిషి, రాయచోటి, కెఫెటేరియాలో వంటవాడు. రెండో అతను కిరణ్. కడప కుర్రాడు, పాతికేళ్లుంటాయి, బైక్ మీద డెలివరీలు చేసేవాడు. మిగతా ఇద్దరూ తెల్లవారక ముందే కంపెనీ బస్సెక్కి మంగఫ్ వైపు పోతారు. ఈ కథలో వాళ్ల పాత్ర పప్పు తినడం వరకే.

ఖాళీగా ఉన్న నాలుగో పైపు తనకివ్వమని కిరణ్ అడిగాడు. ఊరి నుంచి విత్తనాలొచ్చాయని, చిన్న చిన్న మొలకలు ఆరు తెచ్చాడు. నేనే నా చేతులతో రంధ్రాల్లో కూర్చోబెట్టాను. వారం తర్వాత చూస్తే ఆకు అంచు రంపంలా ఉంది. ఒకటి నమిలాను. పులుపు లేదు, చేదు.

"ఇదేం గోంగూర్రా?"

"కొండ గోంగూర అనా. ముదిరితే గాని పులుపెక్కదు."

నమ్మాను. గోంగూర తిని పెరిగినవాణ్ణి, పెంచి పెరిగినవాణ్ణి కాదు. మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నా: అవి గంజాయి మొక్కలు. ఈ దేశంలో గంజాయి పెంచితే ఏళ్లకేళ్లు జైలు, కేసు ముదిరితే ఉరి దాకా కూడా పోవచ్చంటారు. పైపులు నావి, మోటారు నాది, తాళంచెవి నా మెళ్లో. ఉరితాడు కూడా ఆ మెడకే సరిపోయేది. ఇవేవీ తెలియకుండా నేను రోజూ పొద్దున్నే వాటికి నీళ్లు సరిచూసి, "త్వరగా పులుపెక్కండి" అని చెప్పి డ్యూటీకి పోయేవాణ్ణి.

మొదటిసారి ఒక సోమవారం జరిగింది. సాయంత్రం నాలుగున్నరకి వచ్చి తాళం తీశాను. నాలుగో పైపులోని ఆరు మొక్కలూ నేల మీద ఉన్నాయి. విసిరేసినట్టు కాదు. గుమ్మం పక్కన వరసగా, వేళ్లు పైకి, ఆకులు కిందకి పెట్టి ఉన్నాయి. రంధ్రాల్లో మొక్కల్ని నిలబెట్టే స్పాంజి ముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పద్దెనిమిది గోంగూర మొక్కల్లో ఒక్కదాని ఆకు కూడా నలగలేదు.

నాకు దెయ్యం గుర్తు రాలేదు. మస్తాన్ భాయ్ గుర్తొచ్చాడు.

"అరే సీనా, నేను పొద్దన్నించీ పరోటాలు పిసుకుతాండా. నీ చెట్లు పీకేకి నాకేం పని?"

"మరి తాళం ఎట్ల తీశారు భాయ్?"

"తాళం తీసేటోణ్ణయితే గోంగూర పీకుతానా? నీ సూట్‌కేసులో జీడిపప్పు తింటా గానీ."

తర్కం బాగానే ఉంది గానీ కోపం తగ్గలేదు. విచిత్రంగా కిరణ్ నాకంటే ఎక్కువ మండిపడ్డాడు. కొత్త మొలకలు తెచ్చాడు, మళ్లీ పెట్టాను. పది రోజులు తిరగకుండా అదే పని. అవే ఆరు, అదే వరస, వేళ్లు పైకి.

ఆ రోజు నేను ఫ్లాట్‌లో అందరినీ తిట్టాను. వంటింట్లో నిలబడి, మొక్క పీకినవాడి చేతికి చీపురు కూడా దొరక్కూడదని శపించాను. కిరణ్ నా వైపు అదోలా చూశాడు. వాడి మూడో విడత మొలకలు నాటాక పాత ఫోన్ ఒకటి ఆ గదిలో మూల అరలో పెట్టి, ఛార్జర్ తగిలించి, రోజూ వీడియో రికార్డింగ్ పెట్టి వెళ్లడం మొదలుపెట్టాను.

మూడోసారి ఒక గురువారం. వీడియో నా దగ్గర ఇప్పటికీ ఉంది. మధ్యాహ్నం ఒంటి గంట తొమ్మిది నిమిషాల దాకా మొక్కలు నిలబడే ఉన్నాయి. తర్వాత తెర తెల్లబడింది. నాలుగు నిమిషాలు ఏమీ కనిపించదు, మోటారు చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. మళ్లీ బొమ్మ వచ్చేసరికి ఆరూ నేల మీద ఉన్నాయి. మెకానిక్‌గా చెప్తున్నా, ఫోన్ వేడెక్కితే కెమెరా అలా చెయ్యొచ్చు. అందులో వింతేం లేదు.

కానీ ఆ నాలుగు నిమిషాల్లో మోటారు చప్పుడు వెనక ఇంకో చప్పుడుంది. తడిది దేనికో మెత్తగా తట్టినట్టు, టప్ అని. లెక్కపెట్టాను. ఆరు సార్లు.

ఫోన్ మస్తాన్ భాయ్‌కి ఇచ్చాను. ఆయన రెండుసార్లు విని, నేల మీది వరస చూసి, గడ్డం గోక్కున్నాడు.

"ఇది కలుపు తీసిన తీరురా. శెనక్కాయ చేన్లో ఆడోళ్లు చూడ్లా? పీకి, మడమకేసి తట్టి, మన్ను దులిపి, వేళ్లు పైకి పెడతారు. మళ్లీ నాటుకోకుండా."

చూశాను. మా అమ్మ అలాగే తీసేది. అయినా నా పైపుల్లో మన్నే లేదు, ఏం దులిపినట్టు? అసలు నేను ముద్దుగా పెంచుకున్నదాన్ని కలుపు అనడానికి వాళ్లెవరు? ఆ అవమానం భరించలేక ఆరు మొక్కల్నీ కవర్లో కట్టి కిందికి తీసుకెళ్లి మున్సిపాలిటీ డబ్బాలో పడేశాను. చెత్త బండి వచ్చి ఎత్తుకుపోవడం కూడా చూశాను.

మర్నాడు శుక్రవారం పొద్దున పదింటికి తలుపు తట్టారు. మామూలు బట్టల్లో ముగ్గురు పోలీసులు. వాళ్ల వెనక మా బిల్డింగ్ కాపలాదారు, హారిస్ అంటాం, ఈజిప్టు ముసలాయన. గది తలుపు సందుల్లోంచి వంటింటి కిటికీ దాకా రోజంతా ఊదా వెలుతురు వస్తోందని, లోపల ఏదో పెంచుతున్నారని ఎవరో చెప్పారట.

అందరి ఇఖామాలూ, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డులు, తీసుకున్నారు. గది తాళం తీయించారు. గోంగూర ఆకుని దూరం నుంచి చూస్తే ఐదు వేళ్లలా ఉంటుంది కదా, ఆఫీసర్ ముఖం మారింది. నాది మాత్రం మారలేదు, ఎందుకంటే తప్పు చేశానని నాకు తెలిస్తే కదా. మస్తాన్ భాయ్ తన కెఫెటేరియా అరబ్బీలో, ఇది మీరు ఎర్రగా టీ కాచుకునే కర్కదే చెట్టుకి చుట్టం, ఆకు వండుకు తింటాం అని చెప్పి, ఒక ఆకు తుంచి తను నమిలి, ఇంకోటి ఆఫీసర్‌కి ఇచ్చాడు. ఆయన నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, మూతి ముడిచి, ఒళ్లు విదిలించుకున్నాడు. పులుపుకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత నాలుగో పైపు చూపించి, ఇదెందుకు ఖాళీగా ఉందని అడిగాడు.

నాకు ఆ అవకాశమే కావాలి. వచ్చీరాని హిందీలో మొదలుపెట్టాను: ఎవరో మూడుసార్లు నా మొక్కలు పీకేశారు సార్, తాళం తాళంలాగే ఉంది, వీడియో కూడా ఉంది, కంప్లయింట్ ఎక్కడ ఇవ్వాలి? మస్తాన్ భాయ్ నా కాలు తొక్కాడు. కిరణ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆఫీసర్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, ఇఖామాలు బల్ల మీద పడేసి, "ఖలాస్" అని వెళ్లిపోయాడు.

తలుపు మూశాక కిరణ్ వంటింటి నేల మీద కూలబడ్డాడు.

"అనా, అది గోంగూర కాదు."

వాడు చెప్పిందంతా ఇక్కడ రాయను. తాగేకి కొంచెం, అమ్మేకి కొంచెం అట. నా గోంగూర మధ్యలో అయితే ఎవరూ పోల్చుకోలేరనుకున్నాడట. నాకే అనుమానమొచ్చి నేనే పీకి, బయటికి చెప్పకుండా బెదిరిస్తున్నాననుకున్నాడట. నేను వాణ్ణి కొట్టలేదు. ఒక్క రోజు ముందు ఆ పోలీసులు వచ్చి ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు. వాడు రెండు వారాల్లో పని మానేసి ఇండియా టికెట్ కొనుక్కున్నాడు. నేను ఎయిర్‌పోర్టుకి పోలేదు.

మిగిలింది ఒకే ప్రశ్న. పీకిందెవరు? ఆ మూడు రోజులూ మధ్యాహ్నం మస్తాన్ భాయ్ కెఫెటేరియాలో ఉన్నట్టు హాజరు యంత్రంలో వేలిముద్రలున్నాయి. కిరణ్ తన మొక్కలు తనే పీక్కోడు. హారిస్ దగ్గర ఆ తాళంచెవి లేదు. ఆయన్ని అడిగితే గది వైపు చూసి, అది లక్ష్మి గది అన్నాడు. మాకు ముందు ఉన్న కుటుంబంలో పనిమనిషి, మీ ఊళ్ల వైపు మనిషే, పదకొండేళ్లు ఆ గదిలోనే ఉంది, మామా వాళ్లు, అంటే యజమానురాలి కుటుంబం, సొంత ఇల్లు కట్టుకుని వెళ్లాక ఆమె కనబడలేదు అన్నాడు.

ఇంకేం, కథ కుదిరింది అనుకున్నాను. కువైట్‌లో చనిపోయిన పనిమనిషి, ఆమె ఆత్మ. నాకే చిరాకేసింది, ఇంత పాత కథా అని. రాయచోటి మనుషుల్ని వెతకడానికి మూడు ఫోన్లు చాలు. మస్తాన్ భాయ్ నంబరు సంపాదించాడు. లక్ష్మమ్మ నిక్షేపంగా బతికే ఉంది. ఊళ్లో రెండు బర్రెలు మేపుకుంటోంది.

ఫోన్ చేసి, ఫింటాస్ నుంచి మాట్లాడుతున్నానమ్మా, మీరున్న ఇంట్లో ఉంటున్నాం అన్నాను. అంతే అన్నాను.

"ఆ గదిలో ఏం పెంచుతాండారు నాయనా మీరు?"

మొక్కల సంగతి నేనింకా ఎత్తనేలేదు.

"మధ్యాన్నం అన్నం తిని రోంత కునుకు తీస్తే చాలు, ఆడనే ఉంటాండా. గోంగాకు బాగుండాది. దాని పక్కన ఆ పాడు చెట్లు పెట్టిందెవురు? మూడు తూర్లు పీకినా. నడుములు పడిపోయినాయి. ఇంగ నాతో కాదు, మీరే పీక్కోండి."

మా ఒంటి గంట తొమ్మిది నిమిషాలకి అక్కడ మూడూ నలభై. బర్రెలకి మేత వేసి ఆమె పడుకునే వేళ అదేనట. మస్తాన్ భాయ్ ముందే చెప్పాడేమోనని నిలదీశాను. ఆయన ఆమెతో ఒక్క ముక్కా మాట్లాడలేదని, నంబరు ఆమె తమ్ముడి దగ్గర తీసుకున్నానని ఒట్టేశాడు.

కలలో చేసిన పని మేలుకున్నవాడి గదిలో ఎలా జరుగుతుంది? పీకేదేదో, ఇది ఫలానా మొక్క అని ఒక చీటీ పెట్టొచ్చు కదా? నన్ను పోలీసు ముందు కంప్లయింట్ ఇచ్చేదాకా ఎందుకు రానిచ్చినట్టు? ఇవన్నీ గట్టిగా అడగాలనుకున్నాను. ఆమె ముందుగా అడిగింది.

"ఆ లైటు ఇంగా ఎలుగుతాందా?"

అవునన్నాను.

"నేనున్నప్పుడు బల్బు పోతే మూడు నెల్లకు గాని మార్చలా. చీకట్లోనే చీర కట్టుకుంటాంటి. ఎలగనీలే, ఆర్పొద్దు."

పద్దెనిమిది గోంగూర మొక్కలకి ఇచ్చిన వెలుతురు ఒక మనిషికి మూడు నెలలు ఎందుకివ్వలేదో, ఈ కోపం ఎవరి మీద చూపాలో కూడా తెలియలేదు.

ఆ లైటు ఆర్పలేదు. నాలుగో పైపులో కూడా గోంగూరే వేశాను. తాళం, తాళంచెవి, ఫోన్ అన్నీ విప్పి చూశాను. నాకు అర్థమయ్యే లోపం ఏదీ దొరకలేదు. మెకానిక్‌గా చేతులెత్తేస్తున్నాను.

పోయిన వారం మళ్లీ తాళం తీశాను. ఒక్క మొక్కా పీకలేదు. నాలుగో పైపులో లేత ఆకులు మాత్రం తుంచి ఉన్నాయి, చిగురు వదిలి, పద్ధతిగా, ఒక మనిషి పప్పుకి సరిపడా. తాళంచెవి నా మెళ్లోనే ఉంది.

లక్ష్మమ్మకి ఫోన్ చేసి అడగలేదు. పప్పు బాగా పులుపుందని ఆమె చెప్తే నేనేం చెయ్యాలి?