లైన్లు ఖాళీ లేవమ్మా

ఆస్ట్రియాలోని లింజ్ రేడియోలో శనివారం పొద్దున పిల్లలు ఫోన్ చేసి ప్రశ్నలడిగే కార్యక్రమం వచ్చేది. పేరంతా మైకులో జవాబులు చెప్పే గెర్నోట్‌ది. కానీ ఏ పిల్ల గొంతు ఊళ్లకు వినిపించాలో, ఏది వినిపించకూడదో తేల్చేది మాత్రం అద్దాల గదిలో ఫోన్ల ముందు కూర్చునే ఒట్టీలియత్త. పిల్లలు ఆమెను అలాగే పిలిచేవాళ్లు. పాటలు, మీటలు చూసుకునే నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

భర్త పోయాక, పోస్టాఫీసువాళ్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పని కూడా పోయాక ఆమె మా దగ్గర చేరింది. ఇంట్లో చేసిన వాల్‌నట్ కేక్ తెచ్చి అందరికీ పెట్టేది. వద్దన్నవాడితో ఆ పూటంతా మాట్లాడేది కాదు. రేడియోలో మాట ఆగితే జనం సెట్టు పాడైందనుకుంటారని గెర్నోట్‌కి హడలు. అందుకని ఒట్టీలియత్త ముందుగా తానే ప్రశ్న చెప్పించుకుని, గడగడా చెప్పగలిగినవాళ్లనే అతనికి కలిపేది. ఇన్నేళ్లలో ఒక్క పిల్లా మైకులో తడబడలేదని ఆమెకు మహా గర్వం.

ష్టైర్ ఊరి నుంచి వెరేనా అనే పిల్ల ప్రతి శనివారం ఫోన్ చేసేది. మూడో తరగతి. పాపం, నత్తి. ఆ పిల్ల మొదలుపెట్టగానే ఒట్టీలియత్త రిసీవర్‌ని బల్ల మీద పడుకోబెట్టి, స్వెటర్ అల్లుకునేది. గుసగుస ఆగాక మళ్లీ చెవికి ఆనించి, గొంతులో తేనె ఒలకబోస్తూ, "అయ్యో బంగారం, లైన్లు ఖాళీ లేవమ్మా. వచ్చేవారం చెయ్యి, సరేనా?" అనేది. అద్దం ఇవతల నుంచి అది చూసి మీటల దగ్గరుండే మేం నవ్వుకునేవాళ్లం. సిగ్గులేని నవ్వు, ఇప్పుడనిపిస్తుంది.

మార్చిలో ఒక శనివారం యూడిత్ అనే చిన్నపిల్ల ఫోన్ చేసింది. గొంతు గంటలా ఉంది. ఒట్టీలియత్త సంబరంగా కలిపేసింది.

"మా చర్చి అటక మీద గబ్బిలాలు చలికాలమంతా తలకిందులుగా నిద్రపోతాయి కదా. మరి ఎండలొచ్చాయని వాటికి ఎవరు చెప్తారు?"

"అబ్బో! ఇంత మంచి ప్రశ్న ఎలా తట్టిందే తల్లీ నీకు?" అన్నాడు గెర్నోట్.

"నాది కాదు, మా అక్క వెరేనాది. అది ఎప్పుడు చేసినా మీకు లైన్లు ఖాళీ ఉండవంట. నాకు చూడు, ఒక్కసారికే దొరికింది!"

గెర్నోట్‌కి సంగతేమీ తెలియదు. పకపకా నవ్వి, "మీ అక్కకి జాతకం బాలేదేమో! పక్కనే ఉందా? ఇవ్వు, ఇవ్వు" అన్నాడు.

ఒట్టీలియత్త లేచి నిలబడింది. పాట వేసెయ్యమని రెండు చేతులతో నాకు సైగలు. నా వేలు మీట మీదకి వెళ్లేలోపే వెరేనా అందుకుంది.

"గె... గెర్నోట్ మా... మామయ్యా..." అని ఆగిపోయింది. గెర్నోట్ మొహం పాలిపోయింది. అయినా వాడు మంచివాడు, నోరు మూసుకుని కూర్చున్నాడు.

"నా ప్రశ్నకి జ... జవాబు తర్వాత చెప్పు. ముందు ఒ... ఒట్టీలియత్తకి థ్యాంక్స్ చెప్పాలి. బళ్లో అందరూ మ... మధ్యలోనే నా మాట లాక్కుని వాళ్లే చెప్పేస్తారు. అత్త ఒక్కతే... ప్రతివారం... అడ్డు రాకుండా చి... చివరిదాకా వింటుంది."

గెర్నోట్ ఏదో జవాబు చెప్పాడు. నేను పాట వేసి అద్దాల గదిలోకి పరిగెత్తాను. ఒట్టీలియత్త మొహం కందిపోయి ఉంది.

"అత్తా, కాసిని నీళ్లు తాగు."

"నీళ్లెందుకురా నాకు? ఆ పిల్ల నన్ను నలుగురిలో తిట్టిపోసినా బాగుండేది."

ఫోన్ మోగింది. తీసింది. వెరేనా వాళ్లమ్మట. ఏడుపు గొంతు నాక్కూడా వినిపిస్తోంది. మా పిల్ల ఇంట్లో రోజూ మీ పేరే తలుచుకుంటుందండీ, మీలాంటి మనిషి ఊరికొక్కరుంటే చాలండీ అంటోంది. ఒట్టీలియత్త తల దించుకుని అంతా వింది.

"నేను వినలేదమ్మా," అంది చివరికి. "మీ పిల్ల మాట్లాడినంతసేపూ ఫోను బల్ల మీద పెట్టి అల్లుకునేదాన్ని. లైన్లు ఎప్పుడూ ఖాళీగానే ఉండేవి."

అవతల ఏడుపు ఆగిపోయింది. ఫోన్ పెట్టేశారు. ఒట్టీలియత్త మాత్రం రిసీవర్ని చెవి దగ్గర అలాగే పట్టుకుని కూర్చుంది.