రాహుకాలం పోయేదాకా ఆగిన ప్రొటీన్

మా కరస్పాండెంట్ అంటే నాకు అసహ్యం. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. నరసరావుపేట పక్కనున్న ఆయన ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేసుకునేదాన్ని. అంతకుముందు ఆయనకు పత్తి మిల్లు ఉండేది. మిల్లుకు కొత్త మోటారు వస్తే మంచి గడియ చూసి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే వాడేవారట. ఆ పద్ధతే కాలేజీకీ తెచ్చారు. కంప్యూటరైనా మైక్రోస్కోపైనా ముందు ఆయన గదికి వెళ్లాల్సిందే.

నా థీసిస్‌లో మిగిలింది ఒకే ప్రయోగం. దానికి మనిషి ప్రొటీన్ ఒకటి కావాలి. ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్ అంటారు. మన కణాల్లో డీఎన్ఏ మీద తన చోటు వెతుక్కుని కూర్చుని, ఏ జన్యువు పనిచేయాలో అది నిర్ణయిస్తుంది. దాన్ని మనిషి ఒంట్లోంచి తీయరు. ఆ జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి, వాటిచేత తయారు చేయించి, శుద్ధి చేసి లేబొరేటరీలకు పంపుతారు. మా పొలం గట్ల మీద పెరిగే ఒక మొక్క రసం దాన్ని డీఎన్ఏ మీద కూర్చోనివ్వదని నా వాదన. యూనివర్సిటీ నాకు ఆఖరిసారిగా గడువు పొడిగించింది. ఆ ప్రొటీన్ కోసం నెలల తరబడి ఎదురుచూశాను. రాగానే డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలని, కరిగి వెచ్చబడితే పనికిరాదని ఆఫీసులో అందరికీ చెప్పాను. ఆయనకైతే మరీ మరీ చెప్పాను.

పార్సిల్ శుక్రవారం పొద్దున వచ్చింది. నేను ప్రాక్టికల్స్‌లో ఉన్నాను. ఎవరూ కబురు పెట్టలేదు. రాహుకాలం వచ్చేస్తోందని ఆయన హడావిడిగా పెట్టె విప్పేశారట. సీసా బయటికి తీసేసరికి పదిన్నర దాటింది. ఇక పన్నెండు దాకా పూజా లేదు, దాన్ని కదపడమూ లేదు!

విషయం తెలిసి ఆయన గదికి పరుగెత్తాను. అడ్మిషన్ల కోసం వచ్చిన తల్లిదండ్రులు గదినిండా ఉన్నారు. ప్రొటీన్ కరగకుండా పెట్టెలో వేసిన డ్రై ఐస్‌ను బేసిన్‌లో పోసి, నీళ్లు చల్లి, పొగ చూపిస్తున్నారు. చిటికెన వేలంత నా సీసా ఇత్తడి పళ్లెంలో, వెలుగుతున్న దీపం పక్కన, కుంకుమ బొట్టుతో ఉంది.

"సర్, అది పాడైపోతుంది, ఇటివ్వండి!" అంటూ చేయి చాచాను.

ఆయన పళ్లేనికి అడ్డం నిలబడ్డారు. "ఏందమ్మా ఆ దూకుడు? రాహుకాలంలో ముట్టుకుంటే నీకే మంచిది కాదు. కాసేపు ఓర్చుకో."

"కాసేపు కూడా ఆగకూడదని చెప్పాను కద సర్!"

"మోటార్లకీ బస్సులకీ ఇట్టనే చేశాం. ఏదన్నా చెడిందా? చూశారా, చదువుకున్నోళ్లకి చానా తొందర." తల్లిదండ్రులు నవ్వారు. ఆ నవ్వు విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పళ్లెం ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది.

పన్నెండు దాటాక హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టి, పళ్లెం నా చేతిలో పెట్టి ఫొటో తీయించుకున్నారు. నవ్వమన్నారు. నేను నవ్వలేదు.

ప్రయోగం చేశాను. మొక్క రసం కలిపినచోట సరే, కలపనిచోట కూడా ప్రొటీన్ డీఎన్ఏ మీద కూర్చోలేదు. అది చచ్చిపోయింది. ఇంకొకటి తెప్పించేలోగా గడువు దాటిపోయింది. ఇన్నేళ్ల పని గంగలో కలిసింది. ల్యాబ్‌లో తలుపేసుకుని ఏడ్చాను.

వేసవిలో బస్టాండు ఎదురుగా కాలేజీ ఫ్లెక్సీ వెలిసింది. పళ్లెంతో నేను, పక్కన ఆయన. 'మానవ ప్రొటీన్లపై పరిశోధన జరుగుతున్న కళాశాల' అని పెద్దక్షరాలు. కింద నా పేరు, దాని ముందు 'డాక్టర్'. తిన్నగా ఆయన గదికి వెళ్లాను.

"అది తీయించండి సర్. నేను డాక్టర్ని కాదు."

"ఎట్టాగూ అయ్యేదానివేగా."

"ఇక కాను. మీ హారతిలోనే పోయింది అది."

ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు.

"అయితే ఏందమ్మా? ఊరంతా నిన్నిప్పుడు డాక్టరనేగా అంటంది."